బేరం ఆడండి, తప్పు లేదు... కానీ ఎవరితో?

తిరుపతి వెళ్లొస్తే లడ్డు తెస్తాం. విజయవాడ వైపు వెళ్లొస్తే కొండపల్లి బొమ్మ. అనకాపల్లి వైపు అయితే ఏటికొప్పాక లక్క బొమ్మ. మరి మా ఎమ్మిగనూరు వచ్చిపోయేవాళ్లు గుర్తుగా ఏం పట్టుకెళ్లాలి?

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చి, "పక్కనే కదా మీ ఊరు, ఏం కొనాలో చెప్పు" అని మెసేజ్ పెట్టే ఫ్రెండ్స్‌కి నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఒక దుప్పటి. లేదంటే రెండు తువాళ్లు. అటునుంచి వచ్చే రిప్లై కూడా ఎప్పుడూ ఒకటే. "దుప్పటా? ఫ్రిజ్ మీద అంటించుకునే మాగ్నెట్ లాంటిది ఏదైనా చెప్పు బ్రో!"

మాగ్నెట్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దాని మీద ఊరి పేరు ఒక్కటే మారుతుంది. ఎమ్మిగనూరు పేరు బయటివాళ్లకి తెలిసిందే మగ్గం వల్ల. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘం అంటే ఏంటంటే, నేతగాడు నూలు కోసం ఒక సావుకారి దగ్గర, గుడ్డ అమ్ముకోవడానికి ఇంకో సావుకారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. నూలు సంఘం ఇస్తుంది, నేసిన గుడ్డ సంఘం తీసుకుంటుంది, మజూరి చేతికిస్తుంది. పద్మ అవార్డులు మొదలైన ఏడాదే, అంటే 1954లోనే, సోమప్పకి పద్మశ్రీ ఇచ్చారు. ఒక ఊరి దుప్పట్లూ తువాళ్ల వెనక అంత కథ ఉంది. అందుకే మాగ్నెట్ కాదు, దుప్పటి అంటాను.

ఇంతా చెప్పి ఒప్పించాక రెండో మెసేజ్ వస్తుంది. "ఓకే. వాళ్లు చెప్పే రేటులో ఎంత తగ్గించి అడగాలి? సగమా?"

ఈ వారం మాట్లాడుకోవాల్సింది ఈ రెండో మెసేజ్ గురించే.

జాతరలో బేరం ఒక ఆట

ముందే చెప్తున్నా, నేను బేరానికి వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో అసలు అది కుదరదు. మా పెద్దమ్మ వెనక సంచి పట్టుకుని తిరిగి పెరిగినవాణ్ని.

జనవరిలో మా నీలకంఠేశ్వరస్వామి జాతరకి రండి, బేరం అంటే ఏంటో లైవ్‌లో చూడొచ్చు. గాజులు, పూసల హారాలు, పిల్లల బొమ్మలు, ఇనుప సామాన్లు, బొరుగులు, ఖర్జూరాలు, మిరపకాయ బజ్జీలు. ఒక్కదానికీ రేటు రాసి ఉండదు. అడగాల్సిందే.

"ఎంతప్పా ఈ హారం?"

"రెండు నూర్లు అమ్మా."

"రెండు నూర్లా! ఏముందప్పా ఇందులో? బంగారు పూసలేమన్నా గుచ్చినావా?"

"సరే, నీకు కాబట్టి నూట ఎనభై."

"అరవై ఇస్తా. ఇస్తావా, పోవాల్నా?"

"అరవైకి నాకే రాదమ్మా, దేవుని తోడు!"

పెద్దమ్మ హారం కింద పెట్టేసి నడక మొదలుపెడుతుంది. ఒకటి, రెండు, మూడు... ఆరో అడుగు దగ్గర వెనక నుంచి కేక. "రా అమ్మా, రా. నీ మాటా వద్దు, నా మాటా వద్దు. వందియ్యి." తొంభైకి తెగుతుంది. డబ్బులిచ్చాక కూడా ఆవిడ కదలదు. "మరి కొసరు?" రెండు జడ పిన్నులు సంచిలో పడతాయి. అసలు కన్నా కొసరు ముద్దు అని ఊరికే అనలేదు.

ఇందులో ఎవరూ మోసపోలేదు. ఆ అంగడాయన హారాలు డజన్ల లెక్కన హోల్‌సేల్‌లో తెచ్చుకున్నాడు. ఆయన మొదట చెప్పింది ధర కాదు, 'రా, మాట్లాడుకుందాం' అనే పిలుపు. తొంభైకి కూడా మిగులుతుంది కాబట్టే ఇచ్చాడు. మిగలకపోతే ఆరో అడుగు దగ్గర కేక వినపడదు, అంతే.

ఈ ఆటకి రాయని రూల్స్ ఉన్నాయి. వస్తువు మీద మనసు పడిందని మొహంలో కనపడకూడదు. పొద్దున్నే మొదటి గిరాకీ అయితే బోణీ బేరం, దాన్ని మరీ సాగదీయకూడదు. అన్నిటికన్నా పెద్ద రూల్, మీరు అడిగిన రేటుకి ఆయన 'సరే' అన్నాక కొనాల్సిందే. అప్పుడు కూడా కొనకుండా పోతే అది బేరం కాదు, వెక్కిరింత. సంతలో ఇలాంటివాళ్లని ఎవరూ మర్చిపోరు.

పశువుల సంతల్లో ఇంకో రకం బేరం ఉంటుంది. ఇద్దరు మనుషులు చేతులు కలుపుతారు, పైన ఒక తువాలు కప్పుతారు. కింద వేళ్లు పట్టుకుంటూ రేటు చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా ఒక్కరికీ తెలీదు. ఎందుకంటే ఈ ఎద్దుకి ఎంత తగ్గాడో తెలిస్తే, పక్క జత కోసం వచ్చినవాడు అక్కడి నుంచే మొదలుపెడతాడు. అమ్మేవాడి పరువూ, కొనేవాడి గుట్టూ రెండూ ఆ తువాలు కింద దాక్కుంటాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్.

వెళ్లిపోగలిగితేనే బేరం

పెద్దమ్మ బేరంలో అసలు బలం ఎక్కడుంది? మాటల్లో లేదు, ఆ ఆరు అడుగుల్లో ఉంది. హారం లేకపోతే ఆవిడకి వచ్చే నష్టం లేదు. ఈవిడ కొనకపోతే అంగడాయనకీ కొంపలు మునగవు, వెనక ఇంకో నలుగురు ఉన్నారు. ఇద్దరూ 'వద్దులే' అనగలరు. అందుకే అది ఆట.

ఇప్పుడు ఆదోని వెళ్దాం, గంట ప్రయాణం కూడా కాదు. బట్టల వ్యాపారం, పత్తి వ్యాపారం చూసి ఆదోనిని మా పెద్దోళ్లు రెండో బొంబాయి అనేవాళ్లు. సీజన్‌లో మార్కెట్ యార్డుకి పత్తి బండ్ల మీద బండ్లు వస్తాయి. రైతు కుప్ప పోసుకుని పక్కన కూర్చుంటాడు. వ్యాపారులు వచ్చి పత్తిని పిడికిట్లోకి తీసుకుంటారు, లాగి చూస్తారు, లాట్‌కి రేటు వేస్తారు. నచ్చకపోతే రైతు వెనక్కి తీసుకెళ్లొచ్చు. కాగితం మీద ఆ హక్కు ఉంది. కానీ బండి బాడుగ అయిపోయింది, హమాలీ కూలి అయిపోయింది, విత్తనాల అప్పు ఇంటి దగ్గర కాచుకుని ఉంది. ఆయన ఆరు అడుగులు ఎక్కడికి నడుస్తాడు? అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనే సామెత పుట్టింది ఇలాంటి చోటే.

ఒకే మాట, 'బేరం'. కానీ ఒకచోట ఆట, ఇంకోచోట గత్యంతరం లేని ఒప్పుకోలు. తేడా ఏంటంటే, అవతలి మనిషికి 'వద్దు' అనే తాహతు ఉందా లేదా.

ఇది మన దగ్గరి గోలే అనుకోకండి. మెక్సికోలో బేరానికి 'రెగటేయో' అని పేరు. అక్కడి ఒహాకా రాష్ట్రంలో తియోతిత్లాన్ దెల్ వాయే అని ఒక నేతగాళ్ల ఊరుంది. జపోటెక్ కుటుంబాలు తరతరాలుగా ఉన్ని తివాచీలు నేస్తాయి. నాగజెముడు చెట్టు మీద బతికే చిన్న పురుగుని ఎండబెట్టి, నూరి, దాంతో ఎర్ర రంగు అద్దుతారు. విమానం టికెట్‌కి వేల డాలర్లు పెట్టి వచ్చిన టూరిస్టులు ఆ తివాచీల ముందు నిలబడి చివరి పది డాలర్ల కోసం రెగటేయో మొదలుపెడతారు. మార్కెట్‌లో టోపీల దగ్గర, కీచైన్ల దగ్గర ఆడితే ఆడండి గానీ, చేత్తో చేసినవాళ్ల దగ్గర వద్దు అనే మాట అక్కడ కూడా వినిపిస్తుంటుంది. మన మంత్రాలయానికీ ఆ ఊరికీ మధ్య సముద్రాలు ఉన్నాయేమో గానీ, కథ మాత్రం పక్కింటిదే.

మరి 'ఫిక్స్‌డ్ రేటు' బోర్డు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లండ్‌లో క్వేకర్లు అని ఒక క్రైస్తవ శాఖ ఉంది. ఒక రేటు చెప్పి ఇంకో రేటుకి ఇవ్వడం అంటే అబద్ధం ఆడినట్టే అని 17వ శతాబ్దంలోనే వాళ్లు తీర్మానించుకున్నారు. ఒకటే ధర, పెద్దమనిషికీ చిన్నపిల్లాడికీ. 19వ శతాబ్దంలో పారిస్‌లోని బాన్ మార్షే లాంటి పెద్ద షాపులు ప్రతి వస్తువుకీ రేటు రాసి పెట్టడం మొదలుపెట్టాయి. అక్కడి నుంచి మన మాల్‌కీ, మన ఫోన్‌లోని యాప్‌కీ వచ్చింది. తమాషా ఏంటంటే, మాల్‌లో 1,999 అని రాసుంటే మారుమాట లేకుండా స్కాన్ చేసి కట్టేస్తాం. బేరం ఆడాలన్న ధైర్యం మనకి రోడ్డు పక్క కూర్చున్న మనిషిని చూసినప్పుడే వస్తుంది.

దుప్పటి రేటులో ఏముంటుంది?

మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడటం మనం రీల్స్‌లో చూస్తాం. టక్ టక్ టక్, మంచి సౌండ్, పదిహేను సెకన్లు. కానీ నేత అందులో చివరి భాగం. దానికి ముందు చిలపల్లో వచ్చిన నూలుకి రంగు అద్దాలి, ఆరబెట్టాలి. పడుగు పోసి, గంజి పెట్టి, పోగులు విడదీయాలి. అచ్చులో ఒక్కో పోగూ అతకాలి. పేక కోసం కండెలు చుట్టాలి. ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, ముసలివాళ్లు. ఆ పనికి విడిగా కూలి అని ఎవరూ లెక్క కట్టరు. మగ్గం మీద కూర్చున్న మనిషికి వచ్చే మజూరిలోనే ఇంటిల్లిపాదీ చాకిరీ కలిసిపోతుంది.

దేశంలో 2019-20లో చేసిన నాలుగో చేనేత గణన ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్లు దాదాపు 35 లక్షల మంది. అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులకి నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఈ అంకెని ఒక్కసారి మీ నెల డేటా రీఛార్జ్, వీకెండ్ బిర్యానీ ఖర్చు పక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు లెక్క. ఇవి నిజం రేట్లు కావు, అర్థం కావడానికి అనుకుంటున్నాం. ఒక చేనేత దుప్పటి 700 రూపాయలు. నూలు, రంగు 300. మజూరి 200. అంగడి అద్దె, కరెంటు, రవాణా, లాభం కలిపి 200. మీరు "నాలుగు నూర్లకి ఇస్తావా" అన్నారు. తగ్గాల్సిన 300 ఎక్కడి నుంచి రావాలి? నూలు రేటు మిల్లు చెప్పినంత. దాన్ని ఎవరూ కదిలించలేరు. అంగడి అద్దె కదలదు. లాభం మొత్తం వదులుకున్నా 300 పూర్తి కాదు. ఇక మిగిలింది ఒక్క మజూరి. ఈ మొత్తం గొలుసులో సాగదీయడానికి వీలయ్యేది అదొక్కటే.

"అంగడాయన అప్పటికే నేతగాడికి డబ్బు ఇచ్చేశాడు కదా, నేను తగ్గిస్తే ఆయన లాభమే తగ్గుతుంది" అని తెలివైనవాళ్లు అంటారు. నిజమే, ఆ రోజుకి. కానీ వచ్చే నెల ఆయన కొత్త సరుకు కోసం వెళ్లినప్పుడు ఏమంటాడు? "గిరాకీ నాలుగు నూర్లు దాటట్లేదప్పా, మజూరి చూసుకో" అంటాడు. లేదా అసలు నేతగాడి దగ్గరికే వెళ్లడు. మరమగ్గం సరుకు తెచ్చి అదే చోట పెడతాడు.

కాబట్టి నా ఫ్రెండ్స్‌కి నేను చెప్పేది ఒకటే. 'చేనేత' అని చెప్పిన దుప్పటి సగం రేటుకి వచ్చిందంటే గెలిచామని సంబరపడకండి. దానికి మూడే అర్థాలు ఉంటాయి. ఒకటి, మొదట చెప్పిన రేటు గాలి. రెండు, అది చేనేత కాదు. మూడు, అమ్మినవాళ్లకి ఆ రోజు డబ్బుతో చాలా అవసరం పడింది.

ఆ మూడోది నేను మంత్రాలయంలో చూశాను. ఒక పెద్దాయన, భుజం మీద తువాళ్ల మూట. కారు దగ్గర నిలబడ్డ నలుగురు కుర్రాళ్లు. నాలుగు తువాళ్లకి ఆయన ఒక రేటు చెప్పాడు. వాళ్లు మూడు తువాళ్ల డబ్బుకి నాలుగు అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, "బస్సు పోతుంది నాయనా, ఇయ్యండి" అన్నాడు. కుర్రాళ్లు చెడ్డవాళ్లేం కాదు, నవ్వుతూనే మాట్లాడారు, తాతా తాతా అన్నారు, ఆయనతో సెల్ఫీ కూడా దిగారు. పెద్దమ్మ బేరానికీ దీనికీ పైకి తేడా కనపడదు. కానీ ఇక్కడ ఆరు అడుగులు నడవగలిగేది ఒక్క పక్షమే. అటు పక్కన ఉన్నది ఆఖరి బస్సు.

ఈ ప్రాంతం నుంచి పనుల కోసం బెంగళూరుకీ, గుంటూరు మిరప చేలకీ కుటుంబాలకి కుటుంబాలు వలస పోతాయని పేపర్లలో చదివే ఉంటారు. మగ్గం కూలి గిట్టుబాటు కాకపోతే నేతగాడి కొడుకూ అదే బస్సు ఎక్కుతాడు. పాత మగ్గం గుంట పూడ్చి పైన సిమెంటు వేస్తారు. తర్వాత ఆ ఇంట్లో మళ్లీ మగ్గం దిగడం కష్టం.

"ఆన్‌లైన్‌లో 249కే ఉంది"

ఇది కొత్త తరం ఆయుధం. అంగట్లో నిలబడి ఫోన్ తీసి యాప్ చూపించడం. "అన్నా, ఇక్కడ చూడు, 249. ఫ్రీ డెలివరీ కూడా."

ఒకసారి ఆ 249 కింద రాసింది పూర్తిగా చదవండి. 'చేనేత లుక్', 'చేనేత స్టైల్' అని ఉంటుంది. స్టైల్ అంటే చేనేత కాదని అర్థం. ఇంకొంచెం కిందకి వెళ్తే మైక్రోఫైబర్ అనో, పాలీ కాటన్ అనో ఉంటుంది. అది తప్పు సరుకని నేను అనట్లేదు. హాస్టల్ రూమ్‌కి అది చాలు అనుకుంటే హాయిగా కొనుక్కోండి. కానీ దాని రేటు చూపించి మగ్గం గుడ్డని తగ్గించమంటే, ప్యాకెట్ పచ్చడి రేటు చూపించి అమ్మమ్మ ఆవకాయకి బేరం ఆడినట్టే.

ఇంకో పోటీ మా రైలు లైన్ మీదే ఉంది. ముంబై నుంచి చెన్నై వెళ్లే లైన్‌లో సోలాపూర్, వాడి, రాయచూరు దాటాక మంత్రాలయం రోడ్, ఆ తర్వాత ఆదోని వస్తాయి. సోలాపూర్ దుప్పటి దేశమంతా ఫేమస్, దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది. మరమగ్గం మీద నేసిన గట్టి సరుకు. సోలాపూర్ దుప్పటిని సోలాపూర్ దుప్పటి అని అమ్మితే అందులో వంక పెట్టడానికేం లేదు. దాన్నే 'మా ఊరి చేనేత' అని అమ్మితేనే పేచీ. అప్పుడు మోసపోయేది మీరొక్కరే కాదు, రెండు వీధుల అవతల మగ్గం మీద కూర్చున్న మనిషి కూడా.

దీనికోసం ఒక చట్టమే ఉంది. 1985లో పార్లమెంటు చేనేతకి కొన్ని రకాలు రిజర్వ్ చేస్తూ చట్టం చేసింది. మొదట్లో ఆ జాబితాలో 22 రకాలు ఉండేవి, తర్వాత 11కి కుదించారు. చట్టం చెప్పిన కొలతలూ డిజైన్లూ ఉన్న కొన్ని చీరలు, పంచెలు, తువాళ్లు, దుప్పట్లు ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని మరమగ్గం మీద నేయకూడదు. కానీ అంగట్లో నిలబడ్డప్పుడు మీకు చట్టం తోడు రాదు. మీ కళ్లూ వేళ్లే తోడు.

కళ్లతో, వేళ్లతో ఎలా చూడాలి?

గుడ్డ విప్పి రెండు అంచులూ చూడండి. మగ్గం మీద గుడ్డ వెడల్పు ముడుచుకుపోకుండా అడ్డంగా ఒక కర్రతో సాచి పెడతారు. దాని కొసలకి సన్న ముళ్లు ఉంటాయి. నేత ముందుకు సాగేకొద్దీ ఆ కర్ర కూడా జరుగుతుంది. అందుకే అంచు వెంబడి చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తాయి. అయితే ఈ ఒక్క గుర్తుతోనే తేల్చేయకండి, కొన్ని మరమగ్గాల గుడ్డ మీద కూడా బెజ్జాలు పడతాయి.

తర్వాత వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మనిషి చెయ్యి మిషన్ కాదు. ఒకచోట పేక కొంచెం బిగువు, ఇంకోచోట కొంచెం వదులు ఉంటుంది. అది డ్యామేజ్ కాదు, సంతకం. "ఇక్కడ పోగు లావుగా ఉంది, రేటు తగ్గించు" అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. చేనేత అని నమ్మకం కలిగించే గుర్తునే పట్టుకుని డిస్కౌంట్ అడుగుతున్నారు మరి.

అది పూర్తి నూలేనా అని అనుమానం ఉంటే, అమ్మేవాళ్లని అడిగి అంచు దగ్గర వేలాడే ఒక్క పోగు తీసుకుని బయట కాల్చి చూడండి. నూలు పోగు కాగితం కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. నిజం సరుకు అమ్మేవాళ్లు ఈ పరీక్షకి పెద్దగా అభ్యంతరం చెప్పరు.

చివరిగా లేబుల్. కేంద్ర ప్రభుత్వం 2006లో 'హ్యాండ్లూమ్ మార్క్' తెచ్చింది. సంఘాల దుకాణాల్లో, ఆప్కో షోరూముల్లో అడిగితే ఈ గుర్తు చూపిస్తారు. అక్కడ రేటు రాసి ఉంటుంది, బేరం ఉండదు. బదులుగా పండగలప్పుడు రిబేటు ఇస్తుంటారు. తక్కువకి కావాలంటే అప్పటిదాకా ఆగండి, ఎవరి మజూరీ తెగదు.

మరి ఎక్కడ ఎంత ఆడాలి?

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటానంటే, నేను పాటించే పద్ధతి ఇది.

హోల్‌సేల్‌లో తెచ్చి అమ్మే వస్తువు అయితే, అంటే జాతరలో గాజులు, బొమ్మలు, కీచైన్లు, ప్లాస్టిక్ పూసలు, మనస్ఫూర్తిగా ఆడండి. సగం నుంచి మొదలుపెట్టండి, నవ్వుతూ నడవండి, కొసరు అడగండి. అంగడాయన కూడా ఎంజాయ్ చేస్తాడు.

చేత్తో చేసిన వస్తువుని మధ్యవర్తి అమ్ముతుంటే, రేటు కన్నా ముందు ప్రశ్నలు అడగండి. ఎవరు నేశారు? ఏ ఊరు? నూలు ఏ నంబరు? రంగు పోతుందా? గడగడా జవాబు వస్తే నమ్మకం పెరుగుతుంది. నీళ్లు నమిలితే మీకు తెలిసిపోతుంది. ఒకటి కొనేచోట మూడు కొని, "మూడింటికి కలిపి చూసి చెప్పన్నా" అనండి. అప్పుడు తగ్గేది అంగడి లాభంలోంచి, అది కూడా ఆయనకి గిట్టే పద్ధతిలో. ఒక తువాలుకి వంద తగ్గించడం కన్నా మూడు తువాళ్ల మీద వంద తగ్గించడం ఇద్దరికీ మంచిది.

చేసినవాళ్లే ఎదురుగా నిలబడి అమ్ముతుంటే, ముందు 'ఎంత' అని ఒక్కసారి అడగండి. మీ బడ్జెట్‌లో ఉంటే ఇచ్చేయండి. లేకపోతే "నా దగ్గర ఇంతే ఉంది పెద్దాయనా, దీనికి సరిపడేది ఏదైనా ఉందా" అని నేరుగా అడగండి. దుప్పటి బదులు తువాలు చూపిస్తారు, పెద్దది బదులు చిన్నది చూపిస్తారు. మన బడ్జెట్ తక్కువైతే తగ్గాల్సింది వస్తువు సైజు, ఆయన కూలి కాదు.

ఇదేదో జాలి, దానం అనుకోకండి. జాలిపడి ఒకసారి కొంటాం, ఫొటో పెడతాం, మర్చిపోతాం. నేతగాడికి కావాల్సింది రెండోసారి వచ్చే గిరాకీ. దుప్పటి నాలుగేళ్లు వాడి, మెత్తబడ్డాక, "అలాంటిదే ఇంకోటి కావాలి" అని అడిగే మనిషి కావాలి. దుప్పటి బాగోకపోతే మళ్లీ కొనకండి, మొహమాటం అక్కర్లేదు. బాగుంటే మాత్రం పని చేసిన చేతికి పూర్తి మజూరి పడనివ్వండి.

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని, 2015 నుంచి ఆ తేదీన జరుపుతున్నారు. ఆ రోజు మన స్టేటస్‌లన్నీ మగ్గాల ఫొటోలతో నిండిపోతాయి. మంచిదే. ఆ రోజుకి ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో బీరువా తెరిచి, ఉన్నవాటిలో ఎన్ని మగ్గం గుడ్డలో అంచులు చూసి లెక్కపెట్టండి. అమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి, ఏది ఎక్కడ కొన్నదో, ఎంతకి బేరం తెగిందో వాళ్లకి పైసలతో సహా గుర్తుంటుంది.

లెక్క తేలాక కింద కామెంట్‌లో నంబరు పెట్టండి. బీరువాలో ఎమ్మిగనూరు దుప్పటి కనిపిస్తే మాత్రం ఫొటో కూడా పెట్టాల్సిందే. వచ్చే వారం కలుద్దాం.